17 సెంటీమీటర్ల గాలితో నిద్ర: ఎక్కువ ప్రెజర్ సీపాప్‌కు అలవాటుపడే దారి

నిద్ర పరీక్ష రిపోర్టులో నా ఏహెచ్‌ఐ 52 అని ఉంది. అంటే నిద్రలో గంటకు సగటున 52 సార్లు నా ఊపిరి పూర్తిగా ఆగిపోవడమో, బాగా సన్నగిల్లడమో జరుగుతోంది. ఈ లెక్క 5 దాటితే స్లీప్ ఆప్నియా అంటారు, 15 దాటితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. దీనికి వాడేది సీపాప్, అంటే నిద్రలో గొంతు మూసుకుపోకుండా మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపే యంత్రం. మరో రాత్రి ఆసుపత్రిలో ఆ యంత్రం పెట్టి పరీక్షించి డాక్టరుగారు నాకు రాసిన ప్రెజర్ 17. యంత్రం తెచ్చిన కుర్రాడు మాస్కు తగిలించి, బటన్లు చూపించి, పది నిమిషాల్లో వెళ్లిపోయాడు.

ఆ రాత్రి విశాఖపట్నం లాసన్స్ బే కాలనీలోని మా ఇంట్లో పడుకుంటే, తుఫాను రోజున బీచ్ రోడ్డులో సముద్రానికి ఎదురుగా నిలబడినట్టు అనిపించింది. గాలి తోసుకుని లోపలికి వస్తోంది. బయటికి వదులుదామంటే దారి ఇవ్వడం లేదు. రెండు గంటలకు మాస్కు తీసి పక్కన పెట్టేశాను. ఆరు రాత్రులు వరుసగా అదే జరిగింది.

ఇది నాలుగో సంవత్సరం. అదే 17 మీద రోజూ ఏడు గంటలు నిద్రపోతున్నాను. ముప్పై ఏళ్లు పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పిన మనిషిని కాబట్టి నోటుబుక్కు పెట్టుకుని ఒక్కొక్కటే మార్చి చూశాను. అందులో తేలినదాన్నే ఇక్కడ వరుసగా రాస్తున్నాను. ఎక్కువ ప్రెజర్‌కు శరీరం అలవాటు పడాల్సింది పగటిపూట, మెలకువగా ఉన్నప్పుడు. ఈ ఒక్క సంగతి నాకు మొదటి రోజే ఎవరైనా చెప్పి ఉంటే ఆ ఆరు రాత్రులు వృథా అయ్యేవి కావు.

ఒక హద్దు ముందే చెప్పాలి. ప్రెజర్ అంకె డాక్టరుది. మాస్కు, నీరు, పడక, అలవాటు మనవి. ఇబ్బందిగా ఉందని ఆ అంకెను మనంతట మనమే దించేస్తే గురక తగ్గినట్టే అనిపిస్తుంది, గొంతు మాత్రం మళ్లీ మూసుకుపోతూనే ఉంటుంది.

మొదటి మెట్టు: ఆ అంకె అంటే ఏమిటో చేత్తో తెలుసుకోండి

17 అంటే 17 సెంటీమీటర్ల నీటి మట్టం. పొడవాటి చెంబులో 17 సెంటీమీటర్ల ఎత్తు వరకు నీళ్లు పోసి, అడుగు దాకా ఒక స్ట్రా దించి, నెమ్మదిగా ఊదండి. అడుగు నుంచి బుడగలు రావడానికి మీ ఊపిరి ఎంత నెట్టాల్సి వచ్చిందో, రాత్రి ఊపిరి వదిలేటప్పుడు మీకు ఎదురయ్యేదీ అంతే. చిన్నపిల్లలు కూల్‌డ్రింకులో ఆటగా చేసే పనే ఇది. స్కూటర్ టైరులో 25 పీఎస్‌ఐ గాలి కొట్టిస్తాం కదా, మన 17 సెంటీమీటర్లు పావు పీఎస్‌ఐ కూడా ఉండదు.

ఈ లెక్క ఎందుకంటే, కొత్తలో చాలామందికి లోలోపల ఒక భయం ఉంటుంది: ఇంత గాలికి ఊపిరితిత్తులు చెడిపోతాయేమోనని. మామూలు ఊపిరితిత్తులకు ఈ ప్రెజర్ ప్రమాదం కాదు. అయితే గతంలో ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి కుంగినవారు, ఊపిరితిత్తుల్లో పెద్ద గాలిబుడగలు ఉన్నాయని స్కాన్‌లో తేలినవారు, తల, ముఖం, ముక్కుకు ఇటీవల ఆపరేషన్ అయినవారు ఆ విషయం డాక్టరుకు తప్పక చెప్పాలి.

సీపాప్‌ను 1981లో సిడ్నీలో కోలిన్ సల్లివాన్ బృందం ఐదుగురు రోగుల మీద మొదటిసారి చూపించినప్పుడు వాడిన ప్రెజర్ 10 సెంటీమీటర్లు దాటలేదు. నేటి మామూలు సీపాప్ యంత్రాలు 4 నుంచి 20 వరకు ఇస్తాయి. కాబట్టి 15, 17, 18 రాశారంటే పై అంచుకు దగ్గరగా ఉన్నట్టే. అంత ఎందుకు కావాల్సి వచ్చిందో డాక్టరును అడగండి. వెల్లకిలా పడుకున్నప్పుడు నాలుక వెనక్కి జారి ప్రెజర్ అవసరం పెరుగుతుంది. బరువు, లావుపాటి మెడ, మూసుకుపోయిన ముక్కు, ముఖమంతా కప్పే మాస్కు కూడా దాన్ని పెంచుతాయి. కలలు వచ్చే దశలో కండరాలు పూర్తిగా వదులైపోతాయి కాబట్టి ఆ దశలో అవసరం అన్నిటికన్నా ఎక్కువ. నాకు పక్కకు తిరిగి పడుకున్నప్పుడు 13 సరిపోతోందని రిపోర్టులోనే ఉంది. నేనే సరిగా చదవలేదు.

రెండో మెట్టు: మాస్కును పడుకుని, పూర్తి ప్రెజర్‌లో సరిచేయండి

తక్కువ ప్రెజర్ వాడేవారికి మాస్కు కొంచెం అటూ ఇటూ ఉన్నా నడిచిపోతుంది. మనకు నడవదు. 17 సెంటీమీటర్ల ప్రెజర్ అంటే మాస్కు కప్పిన ప్రతి చదరపు సెంటీమీటరు మీద 17 గ్రాముల తోపు. ముక్కు మీద మాత్రమే ఉండే మాస్కు 25 చదరపు సెంటీమీటర్లు కప్పుతుందనుకుంటే దాన్ని ముఖం నుంచి విడదీసే బలం 425 గ్రాములు. ముక్కూ నోరూ కప్పేది 60 ఉందనుకుంటే కిలోకు పైమాటే. ఆ కిలోను రాత్రంతా పట్టీలు ఆపాలి. అందుకే ముక్కుతో ఊపిరి తీసుకోగలిగినవారు ముందు ముక్కు మాస్కునే ప్రయత్నించడం మంచిదని నా అభిప్రాయం. ముక్కు రంధ్రాల్లో ఆనించుకునే చిన్న మాస్కులు తేలికగానే ఉంటాయి కానీ ఇంత ప్రెజర్‌లో గాలి నేరుగా ముక్కులోకి కొట్టి మంటపెట్టాయి. కొందరికి అవే నచ్చుతాయి. కొనే ముందు రెండు మూడు రకాలు పెట్టి చూడనిచ్చే దుకాణానికే వెళ్లండి. మన ఊరిలో మహారాణిపేట, రామ్‌నగర్ వైపు సర్జికల్ దుకాణాలు చాలానే ఉన్నాయి, ఒకచోట కాదంటే మరోచోట అడగవచ్చు.

సరిచేసే పద్ధతి ఇది. మంచం మీద, రోజూ వాడే దిండు మీదే పడుకోండి. కూర్చుని బిగించిన మాస్కు పడుకోగానే వదులవుతుంది, ఎందుకంటే బుగ్గల కండ కిందికి జారుతుంది. యంత్రంలో మాస్క్ ఫిట్ అనే వీలు ఉంటే నొక్కండి, కొద్దిసేపు ఎక్కువ ప్రెజర్ ఇస్తుంది. పట్టీలు కాస్త వదులుగానే ఉంచి, మాస్కును ముఖం నుంచి ఒక అంగుళం పైకి లేపి మళ్లీ మెల్లగా ఆనించండి. మెత్తటి సిలికాన్ అంచులోకి గాలి నిండి అదే చర్మానికి అతుక్కుంటుంది. తర్వాత కింది పట్టీలు రెండూ సమంగా, ఆపైన పై పట్టీలు బిగించండి. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. ఇటు తిరిగి, అటు తిరిగి చూడండి. కంట్లోకి గాలి కొడుతుంటే ముందు మాస్కును మళ్లీ లేపి ఆనించండి, బిగింపు ఆ తర్వాత. ఎక్కువగా బిగిస్తే సిలికాన్ అంచు ముడత పడి గాలి ఇంకా పోతుంది, ముక్కు దూలం మీద పుండు కూడా పడుతుంది.

ఇక మన ఇళ్లకు సంబంధించిన సంగతులు. ఇవి యంత్రంతో ఇచ్చే పుస్తకంలో ఉండవు.

కొబ్బరినూనె. జుట్టుకు రాసింది నుదుటికి, చెంపలకు దిగుతుంది. నూనె మీద సిలికాన్ జారుతుంది, కొన్నాళ్లకు పాడవుతుంది కూడా. నేను తలకు నూనె పెట్టుకోవడం ఉదయానికి మార్చుకున్నాను. పడుకునే ముందు సబ్బుతో ముఖం కడిగి పొడిగా తుడుచుకోవాలి, క్రీములు రాయకూడదు. మే నెలలో చెమటకు మాస్కు జారుతుంటే పలుచని నూలుగుడ్డ తొడుగు పట్టీలకు వేసుకోవచ్చు.

జడ. పట్టీ జడ పైనుంచి వెళ్తే తల తిప్పినప్పుడల్లా లాగుతుంది. వదులుగా అల్లి ఒక భుజం మీదికి వేసుకుంటే చాలు.

ముక్కుపుడక. ముక్కు పక్కన గాలి సన్నగా ఈలవేస్తుంటే కారణం అదే కావచ్చు. నాది పెళ్లినాటి నుంచి ఎప్పుడూ తీయని పుడక. అత్తయ్యను అడగడానికి రెండు రోజులు జంకాను. ఆవిడ "ఊపిరి కన్నా పుడక ఎక్కువా తల్లీ, రాత్రిళ్లు తీసి డబ్బాలో పెట్టుకో" అన్నారు. ఆ మాట ఇక్కడ ఎందుకు రాస్తున్నానంటే, ఇంట్లో ఏమనుకుంటారోనని ఇలాంటివి అడగలేక యంత్రాన్నే మానేసిన ఆడవాళ్లు నాకు తెలుసు.

మగవారిలో గుబురు మీసం, మూడు రోజుల గడ్డం లీకుకు దారి ఇస్తాయి.

అయస్కాంతాల క్లిప్పులున్న మాస్కులు కొన్ని ఉన్నాయి. మీకు గానీ, మీ పక్కన పడుకునేవారికి గానీ పేస్‌మేకర్ లాంటి పరికరం ఉంటే ఆ మాస్కు వద్దని ముందే చెప్పండి.

మూడో మెట్టు: పగటి సాధన

రాత్రి పడుకోబోయేటప్పుడు మనం అలసి ఉంటాం, రేపటి పనులు తలలో ఉంటాయి, ఊపిరి ఆడకపోతే ఏమవుతుందోనన్న దిగులు దానికి తోడవుతుంది. కొత్త విషయం నేర్చుకోవడానికి అంతకన్నా చెడ్డ సమయం లేదు. పగలు వెలుతురులో, పక్కన మనిషి ఉండగా, టీవీ చూస్తూ చేయాలి.

మొదట మాస్కు మాత్రమే, గొట్టం లేకుండా, పదిహేను నిమిషాలు. చేసేది కూర్చుని ఊపిరి తీసుకోవడమే. ఇదే సమయంలో తీయడం నేర్చుకోండి. కళ్లు మూసుకుని క్లిప్పు వెతికి మాస్కు తీసేయడం పదిసార్లు చేయండి. చీకట్లో కూడా ఒక్క క్షణంలో తీసేయగలనన్న నమ్మకం చేతికి వస్తే గుండెదడ సగం తగ్గుతుంది. నా విషయంలో అన్నిటికన్నా ఎక్కువ పనిచేసింది ఇదే.

రెండు మూడు రోజుల తర్వాత గొట్టం తగిలించి, యంత్రం ఆన్ చేసి, ర్యాంప్ పెట్టండి. ర్యాంప్ అంటే తక్కువ ప్రెజర్‌తో మొదలై మెల్లమెల్లగా మన అంకె దాకా పెరగడం. నా యంత్రంలో దాని గరిష్ఠ సమయం 45 నిమిషాలు. 6 దగ్గర మొదలుపెడితే 17 దాకా 11 సెంటీమీటర్లు, అంటే సుమారు నాలుగు నిమిషాలకు ఒక సెంటీమీటరు. కూర్చుని ఆ మెట్లన్నీ ఎక్కండి. నేను మొదటి రోజు 11 దగ్గర ఆపేశాను. మర్నాడు 12. ఒకరోజు 14 దాకా వెళ్లి, ఆ తర్వాతి రోజు 12లోనే ఉండిపోయాను. తొమ్మిదో రోజుకు 17 చేరాను.

ఊపిరి తీరు మారాలి. మామూలుగా మనం లాగుతాం, వదిలేస్తాం. ఇక్కడ లాగాల్సిన పని లేదు, యంత్రమే నింపుతుంది. మన పని వదలడం. పెదవులు మూసి, ముక్కుతో, లోపల నాలుగు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా వదలండి. చివర ఒక్క క్షణం ఆగండి. తర్వాత రెండు అంకెలు లెక్కపెట్టేలోపు గాలి దానంతట అదే వస్తుంది. బలంగా ఊదకూడదు. గాలితో పోట్లాడితే ఐదు నిమిషాల్లో ఛాతీ నొప్పెడుతుంది. ప్రాణాయామం అలవాటు ఉన్నవారికి దీర్ఘమైన రేచకం అంటే వెంటనే అర్థమవుతుంది. ఊపిరి బిగబట్టే కుంభకం మాత్రం ఇక్కడ వద్దు. నోరు తెరిచి మాట్లాడబోయి చూడండి, ముక్కులోంచి వచ్చిన గాలి నోట్లోంచి బుస్సున పోతుంది. ఆ అనుభవం పగలే కలగడం మేలు, రాత్రి అదే జరిగితే కంగారు పడరు.

కూర్చుని వచ్చాక పడుకుని చేయండి. అది వచ్చాక మధ్యాహ్నం భోజనం అయిన రెండు గంటలకు ఒక కునుకు. ఆపైన రాత్రి. నాకు పగటి సాధన పన్నెండు రోజులు పట్టింది. మూడో వారానికి రాత్రికి నాలుగు గంటలు, రెండు నెలలకు రాత్రంతా. మీకు ఇంతకన్నా త్వరగానూ కావచ్చు, ఆలస్యంగానూ కావచ్చు.

నాలుగు గంటల దగ్గర ఆగిపోవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. అమెరికాలో బీమావారు రాత్రికి 4 గంటలు, 70 శాతం రాత్రులు అని ఒక కొలత పెట్టుకున్నారు, అందరూ దాన్నే లక్ష్యమనుకుంటారు. కలల దశలు తెల్లవారుజామునే ఎక్కువసేపు ఉంటాయి. మూడింటికి మాస్కు తీసేస్తే, గొంతు ఎక్కువగా మూసుకుపోయే సమయంలోనే రక్షణ లేకుండా ఉంటాం. మెలకువ వచ్చి తీయాలనిపిస్తే తీసి, మంచినీళ్లు తాగి, ర్యాంప్ నొక్కి మళ్లీ పెట్టుకోండి. 17 నేరుగా ముఖం మీదికి రాదు.

నాలుగో మెట్టు: ఊపిరి వదలడాన్ని తేలిక చేసే సెట్టింగులు

వీటి గురించి డాక్టరునో టెక్నీషియన్‌నో అడగండి. చాలాసార్లు అడిగితే తప్ప చేయరు.

ర్యాంప్ ఎక్కడ మొదలవ్వాలో మార్చవచ్చు. చాలా యంత్రాలు 4 దగ్గర మొదలవుతాయి. పెద్ద ప్రెజర్ అవసరమైనవారికి 4 దగ్గర గాలి చాలక ఉక్కిరిబిక్కిరి అవుతుంది. తక్కువే సుఖం అనుకుంటాం కానీ నాకు 7 దగ్గర మొదలుపెట్టాకే నెమ్మది కలిగింది. ర్యాంప్ మరీ పొడవుగా ఉంచి ముందే నిద్రపోతే, అది పూర్తయ్యేదాకా ఊపిరి ఆగుతూనే ఉంటుంది. నిద్రపట్టిందని గుర్తించాకే ప్రెజర్ పెంచే ఆటో ర్యాంప్ ఉంటే అదే వాడండి.

ఊపిరి వదిలేటప్పుడు ప్రెజర్‌ను కొద్దిగా దించే వీలు ఇప్పటి యంత్రాల్లో ఉంటుంది. కంపెనీని బట్టి ఈపీఆర్ అనో ఫ్లెక్స్ అనో పేరు. ఈపీఆర్ 3 పెడితే 17 మీద ఊపిరి తీసుకుని 14 మీద వదులుతాం. కొందరిలో ఇలా దించినందువల్ల గొంతు మళ్లీ మూసుకుంటుంది. అందుకే పెట్టాక వారం రోజుల ఏహెచ్‌ఐ చూడాలి.

ఆటో యంత్రం రాత్రంతా ఒకే ప్రెజర్ ఇవ్వదు, అవసరాన్ని బట్టి పెంచుతుంది, తగ్గిస్తుంది. నాలాగా పక్కకు పడుకుంటే 13, వెల్లకిలా అయితే 17 అవసరమయ్యేవారికి ఇది వరం. కానీ దాని కింది హద్దును 4 దగ్గరే వదిలేస్తే, అది పైకి ఎక్కేలోపు ఊపిరి నాలుగుసార్లు ఆగిపోతుంది. కింది హద్దు మన అవసరానికి దగ్గరగా ఉండాలి.

ఇవన్నీ చేసినా వదలడం కష్టంగానే ఉంటే బైపాప్ గురించి అడగండి. దానిలో తీసుకునే ప్రెజర్, వదిలే ప్రెజర్ వేర్వేరుగా పెడతారు, రెండిటి మధ్య తేడా మూడుకు మించి ఉండవచ్చు, పై హద్దు కూడా 20 దాటుతుంది. ఖరీదు ఎక్కువ. కాబట్టి నెల రోజులు అద్దెకు తీసుకుని చూశాకే కొనండి.

ఐదో మెట్టు: ముక్కు, నీరు, మన సముద్రపు గాలి

ఎక్కువ ప్రెజర్ గాలి ముక్కును త్వరగా ఎండబెడుతుంది. ఎండిన ముక్కు లోపల వాస్తుంది, వాచి మూసుకుంటుంది, మూసుకుంటే నోరు తెరుచుకుంటుంది, అక్కడి నుంచి లీకు. హ్యుమిడిఫయర్, అంటే గాలికి తేమ కలిపే నీటి డబ్బా, వాడకుండా ఈ ప్రెజర్‌లో నెగ్గుకురావడం కష్టం.

విశాఖలో గాలి తేమ సంగతి మనకు తెలిసిందే, ఆరేసిన బట్టలు ఆగస్టులో ఎండవు. ఫ్యాను కింద పడుకునే రోజుల్లో నాకు హ్యుమిడిఫయర్ 2 దగ్గర చాలు. ఏసీ వేస్తే గది గాలి పొడిబారుతుంది, 4 కావాలి. అయితే ఏసీని 20 దగ్గర పెట్టి హ్యుమిడిఫయర్‌ను పెంచితే వెచ్చటి తేమగాలి చల్లటి గొట్టంలో నీరుగా మారి, తెల్లవారుజామున గుడగుడమంటూ ముఖం మీద చిమ్ముతుంది. మంచుగ్లాసు బయట నీటిబొట్లు పట్టినట్టే. ఏసీని 25కి పెంచండి, యంత్రాన్ని మంచం ఎత్తు కన్నా కింద ఉంచండి, గొట్టానికి పాత నూలుచీరతో తొడుగు కుట్టించండి. వేడి గొట్టం కొనుక్కోగలిగితే ఆ బాధే ఉండదు.

నీరు డిస్టిల్డ్ వాటర్ అయి ఉండాలి, మందుల దుకాణంలో దొరికేదే. ఇన్వర్టర్‌లో పోసే బ్యాటరీ నీళ్లు పీల్చడానికి పనికిరావు. డిస్టిల్డ్ వాటర్ దొరకని రాత్రి కాచి చల్లార్చిన నీళ్లు పోసుకోవచ్చు. నిన్నటి నీరు ఈ రోజు వాడకూడదు. అందులో విక్స్, కర్పూరం, నీలగిరి తైలం వేయకూడదు. జలుబు చేసినప్పుడు పెద్దవాళ్లు ప్రేమతోనే చెబుతారు కానీ ఆ నూనెలు నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి.

యంత్రం గదిలోని గాలినే పీల్చి మనకు ఇస్తుంది. ఆ గదిలో అగరుబత్తి, దోమల చుట్ట వెలిగిస్తే ఆ పొగను ప్రెజర్‌తో లోపలికి పంపుతున్నట్టే. దోమతెర కట్టుకుని గొట్టాన్ని దాని కింద నుంచి తెచ్చుకోండి. ఫిల్టర్ నెలకోసారి మార్చాలంటారు. ఓడరేవుకు దగ్గరలో ఉండే మా చెల్లెలి ఇంట్లో అది రెండు వారాలకే నల్లబడుతుంది, తను అప్పుడే మారుస్తుంది.

ముక్కు మూసుకుపోయి ఉంటే పడుకునే ముందు ఉప్పునీటితో కడుక్కోండి. కుళాయి నీటితో కాదు, ఒక నిమిషమైనా తెర్లేలా కాచి చల్లార్చిన నీటితో. వెంటనే ముక్కు తెరిపించే చుక్కల మందును నాలుగైదు రోజులకు మించి వాడితే ముక్కు ఇంకా ఎక్కువ మూసుకుపోతుంది. దూలం వంకర, పాలిప్స్ (ముక్కులో పెరిగే మెత్తటి కండలు) ఉన్నాయేమో ఈఎన్‌టీ డాక్టరు చూస్తే ఒక్కోసారి ప్రెజర్ అవసరమే తగ్గుతుంది.

రోజూ మాస్కు అంచును మెత్తటి సబ్బు నీటితో, వారానికోసారి గొట్టాన్ని, నీటి డబ్బాను కడిగి నీడలో ఆరబెట్టడం చాలు. ఓజోన్‌తో శుభ్రం చేసే పెట్టెలు అవసరం లేదు. పాత యంత్రం ఎవరి దగ్గరైనా కొంటుంటే జాగ్రత్త: లోపలి నురుగు చెడిపోయే ప్రమాదం ఉందని 2021 జూన్‌లో ఫిలిప్స్ తన యంత్రాలను లక్షల్లో వెనక్కి పిలిచింది. ఆ జాబితాలో ఉందేమో సీరియల్ నంబరుతో చూసుకోండి.

ఆరో మెట్టు: కడుపులోకి గాలి

దీని గురించి ఎవరూ ముందు చెప్పరు. ఉదయం లేచేసరికి పొట్ట డోలులా ఉబ్బి, తేన్పులు వస్తూ, ఎడమ డొక్కలో పోటు. గుండెపోటేమోనని నేను ఈసీజీ కూడా తీయించుకున్నాను. ప్రెజర్ ఎక్కువైనప్పుడు కొంత గాలి అన్నవాహికలోకి దారి చేసుకుంటుంది.

రాత్రి భోజనం ఎనిమిది లోపు ముగించి, మూడు గంటలు ఆగి పడుకోండి. మన ఇళ్లలో ఇది కష్టమే, నేను పెరుగన్నం ముందే తినేసి మావారికి తర్వాత వడ్డిస్తున్నాను. ఎడమ పక్కకు తిరిగి పడుకోండి. మంచం తలవైపు కోళ్ల కింద చెక్కదిమ్మలు పెట్టి నాలుగైదు అంగుళాలు ఎత్తండి. దిండ్లు పేరిస్తే మెడ ముందుకు వంగి గొంతు ఇంకా ఇరుకవుతుంది. వామునీళ్లు తాగితే ఉబ్బరం తీరుతుంది, దాని కారణం మాత్రం పోదు. పది రోజులైనా తగ్గకపోతే ఈపీఆర్ పెంచడమో, ఆటోకు మార్చడమో, ప్రెజర్ ఒకటి రెండు సెంటీమీటర్లు తగ్గించి చూడడమో డాక్టరు నిర్ణయిస్తారు. ఏ మార్పుకైనా నాలుగైదు రాత్రులు గడువు ఇవ్వండి, రెండు మార్పులు ఒకేసారి చేయవద్దు. రెండూ కలిపితే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

నోరు తెరుచుకుని గాలి పోతుంటే ముందు ముక్కు సంగతి చూడండి. ఆ తర్వాతే గడ్డం పట్టీ, అదీ కాకపోతే నోరు కప్పే మాస్కు. నోటికి ప్లాస్టర్ అంటించుకోవడం ఈ మధ్య వీడియోల్లో చూపిస్తున్నారు. ముక్కు మూసుకుపోయినా, వాంతి వచ్చినా అది ప్రాణం మీదికి తెస్తుంది, డాక్టరును అడగకుండా వద్దు.

ఏడో మెట్టు: కరెంటు, ప్రయాణం

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా వీధికి రోజుల తరబడి కరెంటు లేదు. అప్పటికి నా దగ్గర యంత్రం లేదు. వచ్చాక మొదట గుర్తొచ్చింది ఆ రాత్రులే. మీటరు పెట్టి చూస్తే నా యంత్రం హ్యుమిడిఫయర్‌తో 60 వాట్లు, అది ఆపితే 25 వాట్లు తీసుకుంది. ఎనిమిది గంటలకు 480, 200 వాట్-గంటలు. 12 వోల్టుల, 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీలో సగం వాడుకున్నా 900 వాట్-గంటలు వస్తాయి. అంటే హ్యుమిడిఫయర్ ఆపేసుకుంటే మూడు నాలుగు రాత్రులు గడుస్తాయి, ఇంట్లో ఫ్యాన్లు కూడా దాని మీదే నడపకపోతే. ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్ రకమై ఉండాలి.

నిద్రలో కరెంటు పోతే ఊపిరి ఆడదేమోనని భయం వద్దు. ముఖమంతా కప్పే మాస్కుల్లో గాలి ఆగగానే తెరుచుకునే కవాటం ఉంటుంది. యంత్రం లేకుండా గడపాల్సిన రాత్రి తలవైపు ఎత్తు పెట్టి పక్కకు పడుకోండి, మద్యం, నిద్రమాత్ర ముట్టుకోకండి.

రైలులో రాత్రిపూట చార్జింగ్ పాయింట్లకు చాలాసార్లు కరెంటు ఆపేస్తారు. హైదరాబాద్ వెళ్లాలంటే నేను పగటి రైలే చూసుకుంటాను, తప్పకపోతే యంత్రానికి సరిపోయే బ్యాటరీ తీసుకెళ్తాను. బయలుదేరే ముందు నీటి డబ్బా ఖాళీ చేయాలి, లేకపోతే నీరు మోటారులోకి దిగుతుంది. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తు, ఆ తేడాను ఇప్పటి యంత్రాలు వాటంతటవే సర్దుకుంటాయి. డిసెంబరు చలికి గొట్టంలో నీరు పట్టడమే అక్కడి సమస్య, గొట్టాన్ని దుప్పటి లోపల పెట్టుకోండి.

పగటి మత్తు పూర్తిగా పోయేదాకా విజయవాడ హైవే మీద కారు నడపవద్దు. ఇందులో సర్దుబాటు లేదు.

ఎనిమిదో మెట్టు: అంకెలు చూడడం, డాక్టరు దగ్గరికి వెళ్లడం

ఉదయం తెర మీద మూడు కనిపిస్తాయి: వాడిన గంటలు, లీకు, ఏహెచ్‌ఐ. ఒక్క రాత్రి చూసి బెంగపడకండి, వారం సగటు చూడండి. ఏహెచ్‌ఐ 5 లోపు రావాలి. రెస్‌మెడ్ కంపెనీ యంత్రాల్లో లీకు నిమిషానికి 24 లీటర్లు దాటితే ఎక్కువని లెక్క. లీకు ఎక్కువున్న రోజున ఏహెచ్‌ఐని నమ్మవద్దు, ముందు లీకు ఆపండి.

ఏహెచ్‌ఐలో గొంతు మూసుకోవడం వల్ల ఆగినవి వేరు, గొంతు తెరిచే ఉన్నా మెదడు ఊపిరి తీయమని చెప్పక ఆగినవి వేరు. ఈ రెండో రకం కొందరిలో యంత్రం మొదలుపెట్టాకే, ముఖ్యంగా ఎక్కువ ప్రెజర్‌లో, కనిపిస్తాయి. చాలామందిలో వారాలు గడిచేకొద్దీ తగ్గిపోతాయి. తగ్గకపోతే ప్రెజర్ పెంచుతూ పోవడం తప్పు, నిద్ర వైద్యుడే చూడాలి. గుండె పంపింగ్ తక్కువగా ఉన్నవారు ఆ సంగతి తప్పక చెప్పండి. వారికి ఏఎస్‌వీ అనే యంత్రం హాని చేయవచ్చని 2015లో ఒక పెద్ద పరిశోధనలో తేలింది.

ఆడవాళ్లకు ఒక మాట. మనలో ఈ జబ్బు గురకగా కన్నా నీరసంగా, తలనొప్పిగా, నిద్రపట్టకపోవడంగా, దిగులుగా బయటపడుతుంది. ముట్లు ఆగిపోయాక ముప్పు పెరుగుతుంది. నాకు ఐదేళ్లు థైరాయిడ్ మాత్రల మోతాదు మారుస్తూనే గడిచిపోయింది. గురక పెడుతున్నామని చెప్పుకోవడానికి సిగ్గుపడి ఆగిపోకండి.

బరువు ఐదారు కిలోలు తగ్గినా, పెరిగినా ప్రెజర్ మళ్లీ చూపించుకోవాలి. ముక్కు దూలం మీద పుండు, ముక్కులోంచి తరచూ రక్తం, విడవని చెవినొప్పి ఉంటే ఆగకుండా వెళ్లండి. ఉన్నట్టుండి ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే యంత్రం ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మామూలుగా చూపించుకోవడానికి వెళ్లేటప్పుడు యంత్రం లోపలి కార్డు, మీ నోటుబుక్కు, మాస్కు మూడూ సంచిలో వేసుకోండి. కార్డులో అంకెలు దొరుకుతాయి. మాస్కు మాత్రం వారి ముందు మంచం మీద పడుకుని, పెట్టుకుని చూపించాలి. ఎక్కడ గాలి పోతోందో అప్పుడే వారికి కనిపిస్తుంది.